గ్రూపులో వరండా లేదు

2019 డిసెంబరు 6, శుక్రవారం. పొద్దున ఎనిమిదిన్నర ప్రాంతంలో కాలేజీకి తయారవుతూ ఫోను చూశాను. మా హాస్టల్ గ్రూపులో అప్పటికే ఎనభై పైచిలుకు మెసేజీలు వచ్చిపడి వున్నాయి. మామూలుగా శుక్రవారం అంటే లక్ష్మీదేవి, తామరపూలు, శుభోదయాలు. ఆ రోజు మాత్రం చప్పట్లు, దణ్ణాలు, పటాసుల బొమ్మలు. "న్యాయం జరిగింది" అని ఒకరు. "పోలీసులకి పాదాభివందనం" అని ఇంకొకరు. నవంబరు 27 రాత్రి శంషాబాద్ టోల్‌గేటు దగ్గర ఒక యువ పశువైద్యురాలిపై అత్యాచారం చేసి చంపిన కేసులో నిందితులు నలుగుర్నీ, ఆమె శరీరాన్ని తగలబెట్టిన చటాన్‌పల్లిలోనే, తెల్లవారుజామున పోలీసులు కాల్చి చంపారు.

నేను నిలబడే టైపు చేశాను. "ఇది న్యాయం కాదు. విచారణ లేకుండా చంపడాన్ని మనం, అందులోనూ ఆడవాళ్ళం, పండగ చేసుకోకూడదు."

కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. ఆ తర్వాత నా రూమ్మేటు రాసింది. రెండేళ్ళు ఒకే గదిలో, ఒకే బకెట్టు వేణ్ణీళ్ళు పంచుకుని బతికినవాళ్ళం. "నీకేం, నీకు ఆడపిల్ల లేదుగా" అంది. దాని కింద వరసగా బొటనవేళ్ళు. ఎవరో "వాళ్ళ హక్కులు సరే, ఆ పిల్ల హక్కుల సంగతేంటి?" అని అడిగారు. మొత్తం పావుగంట పట్టి వుంటుంది. నేను గ్రూపులోంచి బయటికొచ్చేశాను. అప్పట్లో ఎవరు వెళ్ళిపోయినా ఆ సంగతి అందరికీ కనిపించేది. 2022 నుంచి అడ్మిన్లకి మాత్రమే తెలిసేలా మార్చారు. నేను మాత్రం ముప్ఫై ఏడుమంది చూస్తుండగా తలుపు వేసి వచ్చాను. కొంచెం గట్టిగానే వేశానని ఒప్పుకుంటాను. ఆ చప్పుడు వాళ్ళకి వినపడాలనే వేశాను.

ఆ గ్రూపు ఎలా ఏర్పడిందో చెప్పకపోతే నేను పోగొట్టుకున్నదేమిటో అర్థం కాదు.

మేం 1985-87 మధ్య పీజీ చదివినవాళ్ళం. మా బాచ్ మగపిల్లలు ఫేస్‌బుక్కులో ఒక్క వారంలో ఒకరికొకరు దొరికిపోయారు. ఇంటిపేరు అదే, పేరు అదే, చాలామందికి ఊరు కూడా అదే. మా సంగతి అలా కాదు. పెళ్ళితో ఇంటిపేరు మారింది, ఊరు మారింది, కొందరికి అత్తగారింట్లో పేరే మార్చేశారు. ఫేస్‌బుక్కులో వున్నా సొంత ఫొటో వుండదు, మనవడిదో సాయిబాబాదో వుంటుంది. 2015లో మాలో ఒకామె పట్టుదలగా వెతకడం మొదలుపెట్టింది. ఒకామెని తమ్ముడి ఫేస్‌బుక్కు ద్వారా పట్టుకుంది. ఇంకొకామెని ఆమె పనిచేసిన బ్యాంకు బ్రాంచీకి ఫోన్ చేసి, అక్కణ్ణుంచి బదిలీ అయిన బ్రాంచీకి, అక్కణ్ణుంచి ఇంకో బ్రాంచీకి ఫోన్ చేసి పట్టుకుంది. ఒకామె కోసం వెతుకుతూ పోతే ఆమె చనిపోయి పన్నెండేళ్ళయిందని తెలిసింది. పన్నెండేళ్ళు! మాకెవరు చెబుతారు? చావుకబురు చెప్పాల్సినవాళ్ళ జాబితాలో ఆడపడుచు తోటికోడలికి చోటుంది గానీ స్నేహితురాలికి లేదు. ఆడవాళ్ళ స్నేహం పెళ్ళిదాకా కాలక్షేపమనీ, ఆ తర్వాత దాని గడువు తీరిపోతుందనీ లోకం అనుకుంటుంది. నిజం చెప్పాలంటే మేమూ అనుకున్నాం. ఇన్‌లాండు లెటర్లు మొదట నెలకొకటి, తర్వాత సంవత్సరానికొకటి, ఆ తర్వాత పెళ్ళిశుభలేఖలు, ఆ తర్వాత అవీ లేవు.

అందుకే వాట్సాప్ గ్రూపుల్ని వెక్కిరిస్తూ మాట్లాడే మేధావులంటే నాకు కొంచెం చిరాకు. గుడ్ మార్నింగ్ గులాబీ వెనకాల ఏముందో వాళ్ళకి తెలియదు. మాలో ఒకామె భర్త పక్షవాతంతో మంచంలో వున్నాడు. ఇల్లు కదల్లేదు. రోజూ అయిదింటికి ఆమె పెట్టే గులాబీ "లేచాను, బతికే వున్నాను" అనే కబురు. అది రాని రోజున పదకొండుగంటలకల్లా ఎవరో ఒకరం ఫోన్ చేసేవాళ్ళం. ఇంకొకామెకి సొంత ఫోన్ లేదు. భర్త ఫోనులోనే మధ్యాహ్నం ఆయన నిద్రపోయినప్పుడు చూసుకునేది, తర్వాత అన్నీ తుడిచేసేది. ఆమెకి ఏం రాయాలన్నా ఆయనా చదువుతాడేమోనని జాగ్రత్తగా రాసేవాళ్ళం. ఆ గ్రూపు మాకు ముప్ఫై ఏళ్ళ తర్వాత తిరిగొచ్చిన ఇల్లు. దాన్ని నేను పావుగంటలో వదిలేసి వచ్చాను.

ఎందుకలా జరిగింది? నేను అన్నమాట తప్పనుకోను, ఇవాళ్టికీ అనుకోను. హైదరాబాదులో స్త్రీల ఉద్యమం మొదలైన రోజుల్ని గుర్తుచేసుకునేవాళ్ళెవరూ 1978 మార్చిని మర్చిపోలేరు. నల్లకుంట పోలీసు స్టేషన్లో రమీజాబీపై పోలీసులే అత్యాచారం చేశారు. ఆమె భర్త, రిక్షా కార్మికుడు అహ్మద్ హుస్సేన్, పోలీసు దెబ్బలకి చనిపోయాడు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసుల్ని దోషులుగా తేల్చింది. కేసు మాత్రం కర్ణాటకలోని రాయచూరుకి బదిలీ అయి, 1981లో కొట్టేశారు. ఆమె నడవడి మంచిది కాదని నిరూపించడానికి పోలీసు పక్షం చేయని ప్రయత్నం లేదు. స్త్రీలకి రక్షణ పేరుతో పోలీసు చేతికి తుపాకీ స్వేచ్ఛనివ్వడమంటే ఏమిటో అప్పుడే అర్థమైనవాళ్ళు మనకి దారి చూపించారు. నలభై ఒక్క ఏళ్ళ తర్వాత చటాన్‌పల్లిలో అదే పోలీసుల మీద జనం పూలరేకులు చల్లారు.

ఇదంతా నాకు తెలుసు. ఇదంతా రెండు వాక్యాల్లో కుక్కి ముప్ఫై ఏడుమంది ముందు పడేశాను. వాళ్ళలో ఎవరికైనా రమీజాబీ పేరు గుర్తుందో లేదో కూడా ఆలోచించలేదు.

హాస్టల్లో మేం తక్కువ పోట్లాడుకున్నామా? మండల్ గొడవలకి ముందే రిజర్వేషన్ల గురించి మాటా మాటా అనుకున్నాం. మెస్సులో ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారన్న దాని మీద పోట్లాడుకున్నాం. అది కులం గొడవే, పేరు మాత్రం ఎవరం పెట్టలేదు. ఒకసారి నేనూ నా రూమ్మేటూ ఆరు రోజులు మాట్లాడుకోలేదు. కానీ రాత్రయితే ఆ గదిలోనే పడుకోవాలి. బయట పొడుగాటి వరండా వుండేది. ఒక చివర నీళ్ళకుండ, ఇంకో చివర బట్టలారేసే తీగ. గదిలో పదిమంది ముందు అనలేని మాట ఆ వరండాలో, తీగ దగ్గర, తడిబట్ట దులుపుతూ అనొచ్చు. "నిన్న అలా అనకుండా వుండాల్సింది" అనే మాటకి సాక్షులు వుండకూడదు. ఆరో రోజు ఆమె నా చున్నీ కూడా తీసి మడతపెట్టి నా మంచం మీద పెట్టింది. ఎవరూ క్షమాపణ చెప్పలేదు.

గ్రూపులో వరండా లేదు. అక్కడ వున్నదంతా నడిమింట్లోనే. అన్నమాట అందరూ విన్నాక వెనక్కి తీసుకోవడం ఓడిపోవడం అవుతుంది. ఊరుకోవడం కూడా అక్కడ ఊరికే ఊరుకోవడం కాదు, ఎవరు చూశారో తెలుస్తూనే వుంటుంది కాబట్టి అదీ ఒక సమాధానమే. నా రూమ్మేటు నాతో మాట్లాడటంలేదు, నా గురించి సభలో మాట్లాడుతోంది. నేనూ అంతే చేశాను. "మనం, ఆడవాళ్ళం" అంటూ మొదలుపెట్టాను. అది ఉపన్యాసం మొదలుపెట్టే తీరు, స్నేహితురాలితో మాట్లాడే తీరు కాదు.

ఇది హాస్టల్ రోజుల మీద బెంగతో అంటున్న మాట కాదు. ఇదే విషయం మీద ఇంకో రకం తగవు కూడా నా అనుభవంలో వుంది. 2008 డిసెంబరులో వరంగల్లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. కొద్ది రోజుల్లోనే ముగ్గురు నిందితుల్నీ పోలీసులు 'ఎన్‌కౌంటర్' చేశారు. ఆ పిల్లల్లో ఒకామె నెలాఖరుకి ఆసుపత్రిలో చనిపోయింది. నేనప్పుడు హన్మకొండలో పనిచేస్తున్నాను. పోలీసులకి దండలు, స్వీట్లు అప్పుడూ వున్నాయి. మా స్టాఫ్ రూములో నాకన్నా పదేళ్ళు పెద్దదైన జువాలజీ మేడం మైసూర్‌పాక్ డబ్బా తెచ్చింది. నేను తీసుకోనన్నాను. "తినవా? ఆ పిల్ల మొహం చూసినవా టీవీల?" అంది. "చూశాను మేడం" అన్నాను. అంతే, మొదలైంది. మర్నాడు లంచ్‌లో మళ్ళీ. ఆ మర్నాడు మళ్ళీ. వారం రోజులు టిఫిను డబ్బాలు మధ్యలో పెట్టుకుని అదే తగవు. మధ్యలో ఆమె నా డబ్బాలోంచి వంకాయకూర వేసుకునేది. అయిదో రోజో ఆరో రోజో ఆమె తన చెల్లెలి సంగతి చెప్పింది. కిరోసిన్ మంటల్లో పోయిన చెల్లెలు. కేసు ఏడేళ్ళు నడిచి, సాక్షులు ఒకరొకరే మాట మార్చి, ఆఖరికి కొట్టేశారట. "ఏడేండ్లు కోర్టు మెట్లెక్కిన. నువ్వు ఇచారణ అంటే నాకు ఆ మెట్లు యాదికొస్తయి" అంది. నాకు నోటమాట రాలేదు. ఆమె నా పక్షానికి రాలేదు, నేను ఆమె పక్షానికి పోలేదు. కానీ ఆ తర్వాత విచారణ అనే మాట వాడినప్పుడల్లా నాకు ఆమె ఎక్కిన మెట్లు కనపడతాయి. ఆమె కూడా ఒకసారి, చాలా రోజుల తర్వాత, "ఆ ముగ్గురు గూడ ఎవరో తల్లి కన్న పిల్లలే గద" అంది, ఎవరితోనో కాదు, తనలో తను.

సంఘటనలు రెండూ ఒకే కోవకి చెందినవి. మొదటిదాంట్లో నాకు తెలిసిన విషయాలు ఎక్కువేం కాదు, రెండోదాంట్లో తక్కువేం కాదు. తేడా అల్లా ఆ టిఫిను డబ్బాలు, ఆ వారం రోజులు.

అరిస్టాటిల్ స్నేహం గురించి రాస్తూ, కలిసి ఉప్పు తినకుండా ఒకరినొకరు తెలుసుకోలేరన్న సామెతని గుర్తుచేస్తాడు. మనకి ఉప్పు తినడమంటే విశ్వాసం, రుణం. ఆయన అంటున్నది కాలం గురించి. అంత ఉప్పు తినాలంటే ఎన్ని భోజనాలు కావాలి! పూర్తి స్థాయి స్నేహం చాలామందితో సాధ్యం కాదని కూడా అంటాడు. ఆయన స్నేహాల్లో ఆడవాళ్ళకి భార్యలుగా, తల్లులుగా తప్ప చోటు లేదన్నది వేరే సంగతి. రాత్రిపూట వంటింట్లో గిన్నెలు తోముకుంటూ ఇద్దరు తోటికోడళ్ళు ఏం మాట్లాడుకుంటారో ఆయన వినే అవకాశం లేదు. మన దగ్గర ఓల్గా 'విముక్త' కథల్లో సీతని శూర్పణఖ దగ్గరికీ, అహల్య దగ్గరికీ పంపింది. ఇద్దరాడవాళ్ళు ఎదురెదురుగా కూర్చోవడమే అక్కడ పెద్ద సంఘటన. అదే నలభైమంది ముందు జరిగి వుంటే సీత ఏం మాట్లాడేదో, శూర్పణఖ ఏం జవాబిచ్చేదో నాకు అనుమానమే.

నేను గ్రూపులోంచి వచ్చేసిన ఆ మధ్యాహ్నమే ముగ్గురు నాకు విడిగా మెసేజీలు పెట్టారు. "నువ్వన్నది నిజమే. గ్రూపులో అనలేకపోయాను." "మా ఆయన కూడా ఆ మాటే అన్నాడు, నేను రాస్తే గొడవవుతుందని వూరుకున్నాను." మూడో ఆమె దణ్ణం బొమ్మ ఒక్కటే పెట్టింది. వాళ్ళ మీద అప్పుడు నాకు చాలా కోపం వచ్చింది. బయటికి చెప్పని మద్దతు ఎందుకు అనుకున్నాను. ఆ సాయంత్రం కొందరు స్త్రీలు, హక్కుల కార్యకర్తలు హైకోర్టుకి మొరపెట్టుకుంటే, ఆ రాత్రే కోర్టు స్పందించి శవాల్ని భద్రపరచమని ఆదేశించింది. వాళ్ళు పేర్లు పెట్టి, సంతకాలు పెట్టి, తిట్లు తిని చేశారా పని. నా స్నేహితురాళ్ళు ఒక్క వాక్యం రాయలేకపోయారు.

కానీ ఆ కోపం నా మీదికి తిరగడానికి ఎన్నో రోజులు పట్టలేదు. శంషాబాద్ ఘటనకి మూడు రోజుల ముందు, నవంబరు 24న, ఆసిఫాబాద్ జిల్లాలో ఊరూరా తిరిగి వస్తువులమ్ముకునే ఒక దళిత స్త్రీని అత్యాచారం చేసి చంపారు. మా గ్రూపులో ఆమె గురించి ఒక్క మెసేజీ లేదు. కొవ్వొత్తి బొమ్మ కూడా లేదు. నేనూ పెట్టలేదు. పేపర్లో చదివి, అయ్యో అనుకుని, పేజీ తిప్పాను. పెడితే ఎవరూ పలకరని నాకు తెలుసు, పలకని మాట పెట్టడం నాకు చిన్నతనమనిపించి వుంటుంది. అంటే ఆ ముగ్గురూ ఏ లెక్క వేసుకుని ఊరుకున్నారో నేనూ అదే లెక్క వేసుకున్నాను. పదిమంది చప్పట్లో, పదిమంది తిట్లో, ఏదో ఒకటి వచ్చే చోటనే నా ధైర్యం బయటపడింది.

2021 ఏప్రిల్లో, కరోనా రెండో విడతలో, నా రూమ్మేటు నన్ను అడక్కుండానే మళ్ళీ గ్రూపులో చేర్చింది. అప్పుడు ఆ గ్రూపంతా ఆక్సిజన్ సిలిండర్లు, ఖాళీ మంచాలు, ఇంటికి భోజనం పంపేవాళ్ళ నంబర్లు. వైజాగ్‌లో వున్నామె గుంటూరులో వున్నామె అత్తగారికి మంచం వెతికింది. మా తమ్ముడికి మందు దొరికింది కూడా ఆ గ్రూపులోనే. తెచ్చిచ్చింది నా రూమ్మేటు అల్లుడు. ఎవరి అభిప్రాయాలు ఏమిటని ఎవరూ ఎవర్నీ అడగలేదు. అప్పుడు నాకు ఒక ఇబ్బందికరమైన ప్రశ్న వచ్చింది: నలుగురి చావుకి చప్పట్లు కొట్టిన చెయ్యీ, నా తమ్ముడి ప్రాణానికి మందు పంపిన చెయ్యీ ఒకటే అయినప్పుడు, నేను ఆ చేతితో ఏం చెయ్యాలి? మందు తీసుకుని అభిప్రాయాన్ని మర్చిపోవడం ఒక పద్ధతి. ఆడవాళ్ళకి బాగా అలవాటైన పద్ధతి, 'సర్దుకుపోవడం' అంటాం. అభిప్రాయాన్ని గుర్తుంచుకుని మనిషిని వదిలేయడం ఇంకోటి, అది నేను ఒకసారి చేసి చూశాను.

2022 మేలో సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక బయటికొచ్చింది. పోలీసులు చెప్పిన కథ నమ్మదగ్గది కాదనీ, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారనీ, పదిమంది పోలీసుల్ని హత్యానేరం కింద విచారించాలనీ అందులో వుంది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని కూడా వుంది. ఆ వార్త గ్రూపులో పెడదామని టైపు చేశాను. "చూశారా" అనే మాటతో మొదలైంది. ఆ మాట చూసుకుని సిగ్గేసింది. తుడిచేసి, నా రూమ్మేటుకి ఫోన్ చేశాను.

వార్త ఆమె చూసింది. కాసేపు అటూ ఇటూ మాట్లాడి, "ఆ రోజు నువ్వు నాకు ఫోన్ చెయ్యాల్సిందే" అంది. అప్పుడు చెప్పింది. ఆ డిసెంబరులో వాళ్ళ చిన్నమ్మాయి రాత్రి షిఫ్టు. స్కూటీ మీద అవుటర్ రింగురోడ్డు పక్కనుంచే రావాలి. ఆ ఘటన జరిగినప్పటినుంచీ ఎనిమిది రాత్రులు ఈమె నిద్రపోలేదు. పిల్ల వుద్యోగం మానదు, ఈమె వద్దనలేదు, మానమంటే తను ముప్ఫై ఏళ్ళ కింద ఎవరిమీద కోపం పెంచుకుందో వాళ్ళలాగే అయిపోతానని భయం. "ఆరో తారీకు పొద్దున ఆ వార్త చూసి నిద్రపోయానే. పట్టపగలు. లేచి చూస్తే నీ మెసేజీ. నా నిద్ర తప్పని నువ్వు చెబుతున్నట్టు అనిపించింది."

నా దగ్గర జవాబు లేదు. ఆ నలుగురు చచ్చిపోతే ఆ రోడ్డు ఎలా మారింది అని అడగొచ్చు. అడిగాను కూడా, కొంచెం సేపయ్యాక. "మారలేదు. నాకు తెలుసు" అంది. మైనర్ల సంగతి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "అయినా నాకు వాళ్ళ మీద జాలి రాదే. రమ్మన్నా రాదు" అంది. "జాలి పడమనడంలేదు" అన్నాను. గంటా పది నిమిషాలు మాట్లాడుకున్నాం. మధ్యలో ఆమె కుక్కరు ఆపి వచ్చింది. ఆడపిల్ల లేదన్న మాటకి ఆమె సారీ చెప్పలేదు, తలుపు గట్టిగా వేసినందుకు నేనూ చెప్పలేదు.

ఇక్కడితో నా మనసు కుదుటపడాలి. పడలేదు. మేమిద్దరం మాట్లాడుకున్నాం, బాగుంది. కానీ గ్రూపులో ఆ విషయం మీద మిగిలిపోయిన ఆఖరి మాటలు ఆ చప్పట్లూ ఆ బొటనవేళ్ళే. కమిషన్ నివేదిక అక్కడ ఎవరూ పెట్టలేదు, నేనూ పెట్టలేదు. నాకు విడిగా మెసేజీలు పెట్టిన ముగ్గురినీ తప్పుపట్టాను కదా, ఇప్పుడు నేను చేసిందేమిటి? స్నేహాన్ని కాపాడుకోవడానికి వరండాలోకి వెళ్ళాను, నడిమింట్లో జరిగిన తప్పుని అక్కడే వదిలేశాను. వరండా మాటలతోనే బతికిన ఆడవాళ్ళు సభలో మాట్లాడటం నేర్చుకోవడానికి ఎంత కష్టపడ్డారో నాకు తెలుసు. ఇప్పుడు మళ్ళీ వరండాయే మంచిదని నేనెలా అంటాను?

వచ్చే సంక్రాంతి వెళ్ళాక విజయవాడలో అందరం కలుద్దామనుకున్నాం. ఇరవైమందిదాకా వస్తామన్నారు. గులాబీ పెట్టే ఆమె కూడా ఎవరినైనా మనిషిని పెట్టుకుని రెండు రోజులు వస్తానంది. నేను ఆ విషయం అక్కడ ఎత్తుతాననీ, ఆసిఫాబాద్ ఆమె గురించి కూడా మాట్లాడతాననీ నా రూమ్మేటుకి ముందే చెప్పాను.

"ఎత్తు. నేనూ చెప్పాల్సింది చెబుతాను" అంది. "కానీ భోజనాలయ్యాక."